పడి లేచే పందెం: గుద్దుకునే రేసింగ్ గేముల ఆకర్షణ మీద ఒక సమీక్ష

ఒకప్పుడు గుంటూరు బ్రాడీపేట, అరండల్‌పేట వీధుల్లోనూ, నరసరావుపేట, చిలకలూరిపేట, ఒంగోలు లాంటి ఊళ్ళలోనూ గంట లెక్కన డబ్బులు తీసుకునే నెట్ సెంటర్లు కిక్కిరిసి ఉండేవి. ఎంసెట్ ర్యాంకు చూసుకోవడానికో, హాల్‌టికెట్ తీసుకోవడానికో వెళ్ళిన కుర్రాళ్ళు మిగిలిన నిమిషాలను రోడ్ ర్యాష్ అనే ఆటకు ఖర్చుపెట్టేవారు. అది మోటారు సైకిళ్ళ పందెం. పక్క బండి మీదివాణ్ణి కాలితో తన్నవచ్చు, గొలుసుతో కొట్టవచ్చు. ఎదురుగా కారు తగిలితే బండి ఒకవైపు, మనిషి ఇంకోవైపు ఎగిరిపడతారు. ఆ తర్వాత జరిగేదే ఆ ఆటకు ప్రాణం. పడినవాడు లేచి, రోడ్డు వెంట పరుగెత్తుకుంటూ వెళ్ళి, బండెక్కి మళ్ళీ పోటీలో కలుస్తాడు.

నెట్ సెంటర్లు మూతపడ్డాయి. ఆట మాత్రం చేతిలోని ఫోన్లోకి వచ్చింది. పత్తి చేలల్లోనూ, మిరప కల్లాల దగ్గరా ఖాళీ దొరికితే ఆడేది ఇప్పుడు హిల్ క్లైంబ్ రేసింగ్, ట్రాఫిక్ రైడర్, ఆస్ఫాల్ట్. ఆటతోపాటు వాదనా పెరిగింది. ‘ఈ ఆటలే పిల్లల చేత బండ్లు అలా తోలిస్తున్నాయి’ అని తల్లిదండ్రులు భయపడతారు. ‘అది ఆటేగా’ అని పిల్లలు అంటారు. కొందరు పరిశోధకులు మొదటి మాటకు, మరికొందరు రెండో మాటకు ఆధారాలు చూపిస్తున్నారు. ప్రభుత్వం ‘ఆన్‌లైన్ గేములు’ నిషేధించిందని వినగానే అన్నీ ఒకటేనన్న గందరగోళం చేరింది.

నిజానికి ఇందులో మూడు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. గుద్దుకోవడం ఎందుకు నచ్చుతుంది? ఆ ఇష్టం రోడ్డు మీదికి వస్తుందా? వస్తే అడ్డుకోవలసింది దేన్ని? వాటిని విడదీసి చూస్తే చిక్కు చాలావరకు విడిపోతుంది.

శిక్ష నుంచి బహుమతి దాకా

అటారి సంస్థ 1974లో తెచ్చిన గ్రాన్ ట్రాక్ 10ను తొలి కార్ల రేసింగ్ ఆర్కేడ్ గేముల్లో ఒకటిగా లెక్కిస్తారు. 1982లో నామ్కో పోల్ పొజిషన్, 1986లో సెగా అవుట్‌రన్ వచ్చాయి. వీటన్నిటిలో గుద్దుకోవడం ఒక శిక్ష. కారు బోల్తాపడితే విలువైన క్షణాలు పోతాయి, అంతే.

గుద్దడాన్నే ఆటగా మార్చిన ప్రయత్నం తొందరగానే వివాదమైంది. 1976లో ఎగ్జిడీ సంస్థ డెత్ రేస్ అనే గేము తెచ్చింది. తెర మీద పరుగెత్తే బొమ్మల్ని కారుతో తొక్కితే పాయింట్లు. అమెరికాలో వీడియో గేముల హింస మీద తొలి పెద్ద అలజడి దానితోనే మొదలైంది. 1997లో కార్మగెడ్డన్‌కు బ్రిటన్ సెన్సారు మొదట అనుమతి నిరాకరించింది. దాంతో మనుషుల స్థానంలో ఆకుపచ్చ నెత్తురు కారే జాంబీలను పెట్టి విడుదల చేశారు. అప్పీలులో గెలిచాకే అసలు రూపం బయటికి వచ్చింది.

ఈ రెండు వివాదాల మధ్య వచ్చింది రోడ్ ర్యాష్. 1991లో సెగా యంత్రానికి ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ విడుదల చేసింది. 1996లో వచ్చిన కంప్యూటర్ రూపమే మన దేశంలో నెట్ సెంటర్ల ద్వారా ఇంటింటి మాటైంది. 1995లో డిస్ట్రక్షన్ డెర్బీ కార్లను కార్లతో కుమ్మించింది. 1997లో గ్రాన్ టురిస్మో పూర్తిగా వేరే దారి పట్టింది. నిజమైన కార్లు, నిజానికి దగ్గరైన నడక, కానీ ఎంత గట్టిగా గుద్దినా కారుకు సొట్ట పడదు. తమ కార్లు నుజ్జునుజ్జయి కనబడటం కంపెనీలకు ఇష్టముండదన్నది దీనికి తరచుగా చెప్పే కారణం.

అసలు మలుపు 2001లో ఇంగ్లండులోని గిల్డ్‌ఫర్డ్ పట్టణం నుంచి వచ్చింది. అక్కడి క్రైటీరియన్ సంస్థ బర్నవుట్ అనే గేము చేసింది. కార్లన్నీ కల్పితాలు, కాబట్టి ఎంతైనా విరగ్గొట్టవచ్చు. ఎదురు వరుసలో నడిపినా, ఇంకో బండికి వెంట్రుకవాసి దూరంలో తప్పుకుపోయినా అదనపు వేగం చేతికొస్తుంది. అంటే ప్రమాదమే పెట్రోలు. 2002లో వచ్చిన రెండో భాగంలో క్రాష్ మోడ్ చేర్చారు. కూడలిలోకి దూసుకెళ్ళి ఎన్ని వాహనాలను ధ్వంసం చేస్తే అంత స్కోరు, అదీ నష్టం విలువ డాలర్లలో. 2004 నాటి బర్నవుట్ 3లో ప్రత్యర్థిని గోడకు నెట్టి పడగొట్టడం, అంటే టేక్‌డౌన్, ఆటకు కేంద్రమైంది. తన కారు నుజ్జయ్యాక కూడా ఆ శకలాన్ని గాలిలో కాస్త అటూ ఇటూ తిప్పి వెనక వచ్చేవాడికి అడ్డం పెట్టే వీలు కల్పించారు. ఓడిన క్షణంలోనూ ఆటగాడి చేతిలో ఏదో ఒకటి మిగిలింది.

ఫోను కాలం వచ్చేసరికి ఈ సూత్రం ఇంకా సన్నబడింది. 2012లో ఫిన్లండ్‌కు చెందిన ఫింగర్‌సాఫ్ట్ హిల్ క్లైంబ్ రేసింగ్ తెచ్చింది. గుట్టలెక్కే చిన్న జీపు, రెండే పెడళ్ళు, నెట్ లేకపోయినా ఆడే వీలు. బండి తిరగబడి డ్రైవరు తల నేలకు తగిలితే ఆట ముగుస్తుంది, వేలితో తాకితే మళ్ళీ మొదలవుతుంది. 2013లో గేమ్‌లాఫ్ట్ ఆస్ఫాల్ట్ 8 వచ్చింది. ట్రాఫిక్ రైడర్‌లో గంటకు వంద కిలోమీటర్లు దాటాక ఇతర వాహనాలను రాసుకుంటూ దాటితే అదనపు పాయింట్లు ఇస్తారు. 2016 సెప్టెంబరులో జియో రాకతో డేటా చవకై, ఇవన్నీ పల్లెలకు చేరే దారి సుగమమైంది.

నలభై ఏళ్ళలో గుద్దుడు శిక్ష నుంచి తమాషాగా, తమాషా నుంచి బహుమతిగా మారింది. చర్చంతా ఈ మూడో మెట్టు మీదే.

ఈ నేలకు ఇది కొత్తా?

ఈ ప్రాంతంలో దీనిపై రెండు అభిప్రాయాలు వినిపిస్తాయి. ఒకటి, ఇది బయటి సరుకు, మన ఆటల్లో ఇలాంటిది లేదు అన్నది. రెండోది, పందెం లేని పండగ ఈ నేల మీద ఎప్పుడుంది అన్నది.

మొదటి మాటకు బలమైన ఆధారమే ఉంది. గుంటూరు, ప్రకాశం పల్లెల్లో ప్రతిష్ఠాత్మకమైన పోటీ ఎడ్ల బండలాగుడు. ఒంగోలు జాతి ఎడ్లను రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు, సీనియర్స్ అని విభాగాలు చేసి, నిర్ణీత సమయంలో ఎంత దూరం బండ లాగాయో కొలుస్తారు. కాలానికీ విలువుంది కానీ, అక్కడ కొలిచేది ప్రధానంగా బలం. జత తూలితే, పడితే ప్రేక్షకుడు అయ్యో అంటాడు. పడటం అక్కడ వినోదం కాదు.

రెండో మాటకూ ఆధారం ఉంది. తిరునాళ్ళలో, పట్టణాల ఎగ్జిబిషన్లలో డాషింగ్ కార్లు ఉంటాయి. చుట్టూ రబ్బరు కట్టిన చిన్న కార్లు, వాటిని ఒకదానితో ఒకటి గుద్దించడమే పని. 1920ల ఆరంభంలో అమెరికాలో పుట్టిన ఈ ఆట ఇక్కడికి వచ్చి జాతర సొంతమైపోయింది. చెక్క బావి గోడల మీద మోటారు సైకిలు తిప్పే ప్రదర్శన దాని పక్కనే ఉంటుంది. రెండింటికీ తేడా గమనించాలి. బావిలో ప్రాణం నిజంగా పణం, చూసేవాడు ఊపిరి బిగబడతాడు. డాషింగ్ కారులో ఎవరికీ దెబ్బ తగలదు, గుద్దినవాడూ గుద్దించుకున్నవాడూ కలిసి నవ్వుతారు. బర్నవుట్, ఆస్ఫాల్ట్ లాంటివి డాషింగ్ కారు సంతతి. బావి ప్రదర్శన సంతతి కావు. పిల్లవాడు ఈ తేడాను ఎక్కడ మరిచిపోతాడన్నదే అసలు ప్రశ్న.

ఎందుకు నచ్చుతుంది: నాలుగు వాదాలు

*మైకం.* ఫ్రెంచి ఆలోచనాపరుడు రొజే కయ్వా 1958లో ఆటలను నాలుగు రకాలుగా విభజించాడు. పోటీ, అదృష్టం, వేషం, మైకం. ఒప్పులకుప్ప తిరిగే పిల్లలు కళ్ళు తిరిగి పడిపోయి, మళ్ళీ లేచి తిరుగుతారు. ఆ కళ్ళు తిరగడమే ఆనందం. వేగం పెరిగి రోడ్డు అంచులు మసకబారే రేసింగ్ గేములో ఈ మైకం ఉంది. కానీ ఈ వాదం గుద్దుడుకు ముందున్న క్షణాన్నే వివరిస్తుంది, గుద్దుడును వివరించదు.

*పట్టు.* మిహాయి చిక్‌సెంట్‌మిహాయి 1970ల నుంచి చెప్పిన మాట: పని మన చేతనైనదానికి సరిగ్గా సమానమైన కష్టంలో ఉంటే మనిషి తనను మరిచిపోతాడు. నిమిషానికి నలభై వాహనాలను తప్పించుకునే ఆటగాడికి ఇంకో ధ్యాస ఉండదు. దీని ప్రకారం ఆకర్షణ తప్పించుకోవడంలో ఉంది, గుద్దుడు దానికి చెల్లించే మూల్యం. అయితే గుద్దుడుకే స్కోరిచ్చే క్రాష్ మోడ్ ఈ వాదంలో ఇమడదు.

*గాయం లేని ఓటమి.* డెన్మార్క్‌కు చెందిన యెస్పర్ యూల్ 2013లో గేముల్లోని ఓటమి మీద ఒక పుస్తకమే రాశాడు. బయటి జీవితంలో ఓటమికి ఖరీదుంటుంది. ఆటలో ఓటమి చవక, వెంటనే ఇంకో అవకాశం. ఫిన్లండ్‌లో నిక్లాస్ రవాయా బృందం ఆటగాళ్ళ ముఖ కండరాల కదలికలను, చర్మంలోని మార్పులను కొలిచి ఒక ఆశ్చర్యకరమైన సంగతి కనిపెట్టింది. సూపర్ మంకీ బాల్ 2 అనే గేములో అంచు నుంచి కిందికి పడిపోయిన క్షణంలో ఆటగాళ్ళలో సంతోషపు సూచనలే కనిపించాయి. అదే పడిపోవడాన్ని రీప్లేలో చూసినప్పుడు సూచనలు తిరగబడ్డాయి. పడుతున్నంతసేపూ అది తన ఆట. పడ్డాక చూస్తే అది తన ఓటమి.

*కసి తీరడం.* ఆటలో విరగ్గొడితే లోపలి కోపం దిగిపోతుందన్న మాట జనంలో బాగా నాటుకుంది. పరిశోధనలో మాత్రం దీనికే అన్నిటికన్నా తక్కువ బలం. కోపాన్ని కొట్టి తీర్చుకునే ప్రయత్నం దాన్ని తగ్గించకపోగా పెంచిందని అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త బ్రాడ్ బుష్‌మన్ 2002లో ప్రయోగంతో చూపాడు.

నాలుగింటిలో ఎక్కువ సంగతులను వివరించేది మూడోది. రోడ్ ర్యాష్‌లో పడినవాడు లేచి పరుగెత్తడం, హిల్ క్లైంబ్‌లో వేలితో తాకితే మళ్ళీ మొదలవడం, బర్నవుట్ శకలానికి మిగిలిన ఆ కాస్త అదుపు, అన్నీ ఒకటే మాట చెబుతున్నాయి. పోగొట్టుకున్న చోటే వెతుక్కోమంటారు పెద్దలు. ఈ గేములు పోగొట్టుకున్న వెంటనే మళ్ళీ మొదలుపెట్టిస్తాయి. ఒక్క పరీక్ష, ఒక్క ర్యాంకు, ఒక్క పంటతో సంవత్సరం తేలిపోయే ఊళ్ళలో, సెకండ్లలో మళ్ళీ దొరికే అవకాశానికి ఉండే విలువను తక్కువగా చూడకూడదు.

రోడ్డు మీదికి వస్తుందా?

భయపడే పక్షానికి మొదటి గట్టి ఆధారం 2007లో జర్మనీ నుంచి వచ్చింది. పీటర్ ఫిషర్ బృందం రేసింగ్ గేములు ఎక్కువగా ఆడేవారు దూకుడుగా నడపడాన్ని, ప్రమాదాలను ఎక్కువగా చెప్పుకున్నారని గమనించింది. ప్రయోగంలోనూ ఆట తర్వాత సాహసానికి సిద్ధపడటం పెరిగింది. 2009లో అదే బృందం ఇంకా లోతుకు వెళ్ళి రెండు సంగతులు చెప్పింది. నిబంధనలు ఉల్లంఘిస్తే బహుమతి ఇచ్చే గేముల్లోనే ఈ ప్రభావం కనిపించింది. పైగా అది ‘నేను దూకుడుగా నడిపేవాణ్ణి’ అని ఆటగాడు తన గురించి అనుకోవడం ద్వారా పనిచేసింది. బెల్జియంలో కాత్లీన్ బెలెన్స్ బృందం కౌమార వయసువారిని రెండు దశల్లో పరిశీలించి, ముందు ఆడిన గేములకూ తర్వాతి దూకుడు డ్రైవింగ్‌కూ సంబంధం ఉందని 2011లో ప్రచురించింది. మరుసటి ఏడాది అమెరికాలో జే హల్ బృందం ఇలాంటి ఫలితమే చెప్పింది.

ఎదుటి పక్షం అభ్యంతరాలూ గట్టివే. సాహసం ఇష్టపడే కుర్రాడు అలాంటి గేమూ ఎంచుకుంటాడు, బండీ అలాగే తోలుతాడు. అప్పుడు ఏది కారణం, ఏది గుర్తు? ప్రయోగశాలలో ఆట ముగిసిన కొద్ది నిమిషాలకు కొలిచింది ఏడాది తర్వాత రోడ్డు మీద ఉంటుందా? హింసాత్మక గేముల విషయంలో ఆండ్రూ షిబిల్స్కి, నెట్టా వైన్‌స్టీన్ విశ్లేషణ పద్ధతిని ముందే నమోదు చేసి, సుమారు వెయ్యి మంది బ్రిటిష్ పిల్లలను పరిశీలించి, దూకుడుతో సంబంధం కనబడలేదని 2019లో ప్రకటించారు. అది రేసింగ్ గేముల గురించి కాదు కానీ, ఈ రంగంలోని పాత ఫలితాలను మళ్ళీ జాగ్రత్తగా చూడాలని గుర్తుచేసింది.

మేలు వైపు కూడా కొంత ఉంది. యాక్షన్ గేములు ఆడేవారికి చూపు ఏకాగ్రత మెరుగ్గా ఉంటుందని షాన్ గ్రీన్, డాఫ్నీ బావెలియే 2003లో చూపారు. 2016లో లి లి బృందం రేసింగ్ గేముతో శిక్షణ పొందినవారు డ్రైవింగుకు సంబంధించిన కన్ను, చేతి సమన్వయ పరీక్షల్లో మెరుగుపడ్డారని చెప్పింది. చెయ్యి చురుకవడం వేరు, మనసు నెమ్మదించడం వేరు. రెండు పక్షాలూ ఒకేసారి నిజం చెబుతూ ఉండవచ్చు.

పక్కపక్కన పెట్టి చూస్తే

– ఆకర్షణ: మైకం, పట్టు కొంత వివరిస్తాయి. గాయం లేని ఓటమి ఎక్కువ వివరిస్తుంది. కసి తీరడం నిలబడలేదు.

– హాని: సంబంధం ఉందనే ఆధారాలున్నాయి, కారణమనే రుజువు బలహీనం. ప్రభావం అన్ని గేములదీ ఒకటి కాదు. ఉల్లంఘనకు బహుమతిచ్చేవాటి మీదే అనుమానం ఎక్కువ.

– మేలు: చూపు, చేతి చురుకు పెరుగుతాయి. రోడ్డు మీది నిర్ణయాలు మెరుగవుతాయనడానికి అది చాలదు.

– మనిషి శరీరం: బర్నవుట్ పారడైజ్ కార్లలో డ్రైవరే కనిపించడు, విరిగేది ఇనుమే. ఫ్లాటవుట్ అనే ఇంకో రేసింగ్ గేములో డ్రైవరు అద్దం బద్దలు కొట్టుకుని ఎగిరిపడటమే వినోదం. రెండింటినీ ఒకే గాటన కట్టిన చర్చ ముందుకు సాగదు.

చట్టం గీసిన గీత

2020 సెప్టెంబరులో రెండు వార్తలు వెంటవెంటనే వచ్చాయి. 2న కేంద్రం పబ్‌జీ మొబైల్‌తో సహా 118 యాప్‌లను నిషేధించింది. అదే నెలలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరిస్తూ డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీ, పోకర్ లాంటివాటిని నిషేధించే ఆర్డినెన్స్ తెచ్చింది. మొదటిదానికి చూపిన కారణం దేశ భద్రత, డేటా. రెండోదానికి కారణం జూదంలో మునిగిపోతున్న కుటుంబాలు. గేము ఆడే అలవాటు రెండింటిలోనూ అసలు విషయం కాదు. అయినా జనంలో ‘గేములు బంద్’ అన్న ఒకే మాట మిగిలింది.

2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన కేంద్ర చట్టం ఈ గందరగోళాన్ని కొంత తీర్చింది. డబ్బు పణంగా పెట్టే గేములను నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ను, సరదా గేములను వేరుగా గుర్తించింది. పందెం కాయని రేసింగ్ గేము ఈ నిషేధంలోకి రాదు.

తేలనివి

మొదటిది వాహనం. చర్చకు ఆధారమైన ముఖ్య పరిశోధనలు కార్లు నడిపే జర్మనీ, బెల్జియం, అమెరికాలవి. ఇక్కడి కుర్రాడికి మొదట చేతికొచ్చేది మోటారు సైకిలు. దాని మీద పొరపాటు చేస్తే చుట్టూ ఇనుప గూడు లేదు. చిన్న ప్రభావమైనా ఇక్కడ దాని ఖరీదు ఎక్కువ కావచ్చు.

రెండోది వ్యాపారం. పాత ఆర్కేడ్‌లో నాణెం అయిపోతే ఆట ఆగేది. ఫోన్లోని గేము ప్రకటనలతో, కొనుక్కోమనే కార్లతో, రేపు రమ్మనే బహుమతులతో నడుస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి 2022 నుంచి అమలు చేస్తున్న వ్యాధుల జాబితాలో గేమింగ్ రుగ్మత చేరింది. అదుపు తప్పడం, మిగతా పనులన్నిటికన్నా ఆటే ముఖ్యమవడం, నష్టం తెలిసినా ఆపలేకపోవడం దాని లక్షణాలు. సాధారణంగా ఏడాదిపాటు కనిపిస్తేనే నిర్ధారిస్తారు. సెలవుల్లో నాలుగు రోజులు ఎక్కువ ఆడటం దాని కిందికి రాదు. గుద్దుడు ఆకర్షణ ఎక్కడ ఆగుతుందో, ఈ వ్యాపారపు వల ఎక్కడ మొదలవుతుందో విడదీసి కొలవడం మిగిలే ఉంది.

మూడోది వయసు. పదేళ్ళ పిల్లవాడికి జీపు తిరగబడటం ఒక బొమ్మ. పదహారేళ్ళవాడికి అదే దృశ్యం ఇంటి బయట ఆగి ఉన్న బండిని గుర్తుచేస్తుంది. రెండు వయసులకూ ఒకే నియమం సరిపోదు.

ఎక్కడ నిలబడాలి

2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. కేంద్ర రవాణా శాఖ లెక్క ప్రకారం మృతుల్లో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీదివారు. మరణాల్లో 71.2 శాతానికి అతివేగాన్నే కారణంగా నమోదు చేశారు. ఈ అంకెల ముందు గేము మీద నిందంతా మోపడం అసలు కారణాల నుంచి చూపు తిప్పుకోవడమే అవుతుంది. గేముకు ఏ బాధ్యతా లేదనడమూ ఆధారాలకు నిలవదు.

ఇప్పటికున్న సాక్ష్యం బట్టి చెప్పగలిగేది ఇది. గుద్దుకునే రేసింగ్ గేమును ఇష్టపడటం వినాశనం మీది ప్రేమ కాదు, పడి లేవడం మీది ప్రేమ. అది ఆరోగ్యకరమైన కోరికే. అనుమానించవలసింది రాసుకుంటూ దాటినందుకు బహుమతిచ్చే లెక్కను. అడ్డుకోవలసింది ఆ లెక్కను అలవాటు చేసుకున్న చేతికి లైసెన్సు లేకుండా తాళం అందడాన్ని. గేరు బండికి పద్దెనిమిదేళ్ళు నిండాలని చట్టం చెబుతోంది. మైనరు బండి నడిపి నేరం చేస్తే సంరక్షకుడికి లేదా యజమానికి మూడేళ్ళ దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా అని 2019 సవరణలోని 199ఎ సెక్షన్ చెబుతోంది.

జనవరి నుంచి ఏప్రిల్ దాకా మిర్చి టిక్కీలు ఎత్తుకున్న లారీలు, ట్రాక్టర్లు పల్లెల నుంచి గుంటూరు యార్డుకు రాత్రీ పగలూ సాగుతూనే ఉంటాయి. వెనక దీపం వెలగని ట్రక్కు చీకట్లో కనబడదు. అక్కడ పడినవాడికి వేలితో తాకితే మళ్ళీ మొదలయ్యే ఆట లేదు. ఈ ఊళ్ళ తల్లిదండ్రులు పిల్లల చేతిలో ఫోన్లో ఏ గేముందో ఒకసారి పక్కన కూర్చుని చూడాలి, అందులో పాయింట్లు దేనికి వస్తున్నాయో అడగాలి. బండి తాళం మాత్రం పద్దెనిమిదేళ్ళు నిండి, లైసెన్సు వచ్చేదాకా తమ దగ్గరే ఉంచుకోవాలి.